గంజాయి, సైకోసిస్: ఆరోగ్యవంతులపై జరిగిన పరిశోధనలు మన కుటుంబాలకు ఏం చెబుతున్నాయి?

మానసిక విభాగంలో చేరిన పిల్లల తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. "డాక్టరుగారూ, మావాడు గంజాయి తాగబట్టే ఇలా అయ్యాడా?" అని కొందరు అడుగుతారు. "మావాడు ఏనాడూ అలాంటివి ముట్టలేదండీ, మరి వీడికెందుకొచ్చింది?" అని మరికొందరు. అందరూ బయటికి వెళ్లాక ఒక్కరే వెనక్కి వచ్చి, "వాడి తమ్ముడికి కూడా వస్తుందా?" అని గొంతు తగ్గించి అడిగేవారూ ఉన్నారు.

ఈ మూడు ప్రశ్నలకూ కొంతవరకు జవాబు చెప్పే పరిశోధనలు గత ఇరవై ఏళ్లలో జరిగాయి. వాటి గురించి మొదటిసారి విన్నప్పుడు ఆశ్చర్యం కలుగుతుంది, కొందరికి కోపం కూడా వస్తుంది. ఎందుకంటే ఏ జబ్బూ లేని మనుషులకు, వారి అనుమతితోనే, గంజాయిలోని మత్తు పదార్థాన్ని కొలిచి ఇచ్చి, వారిలో కాసేపు సైకోసిస్ లక్షణాలు వస్తాయేమో చూడటమే ఆ పరిశోధన. ఇది ఎందుకు చేశారు, ఏం తెలిసింది, మీ ఇంట్లో ఉన్న మనిషికి దీనితో ఏమిటి సంబంధం అన్నది ఈ వ్యాసంలో చెబుతాం. దయచేసి ఓపికగా చదవండి. చదవలేని పెద్దవారు ఇంట్లో ఉంటే వారికి చదివి వినిపించండి.

ముందుగా, సైకోసిస్ అంటే?

సైకోసిస్ ఒక జబ్బు పేరు కాదు, ఒక స్థితి పేరు. జ్వరం లాంటిదనుకోండి. జ్వరం మలేరియాలో వస్తుంది, టైఫాయిడ్‌లో వస్తుంది, గడ్డ చీము పట్టినా వస్తుంది. అలాగే సైకోసిస్ స్కిజోఫ్రీనియాలో వస్తుంది, బైపోలార్ జబ్బులో వస్తుంది, కొందరు బాలింతల్లో వస్తుంది, మత్తు పదార్థాల వల్లా వస్తుంది. ఈ స్థితిలో ఉన్నవారికి ఎవరూ మాట్లాడకపోయినా మాటలు వినిపిస్తాయి. పక్కింటివాళ్లు తనమీద కుట్ర పన్నారని, టీవీలో వార్తలు చదివే ఆవిడ తన గురించే చెబుతోందని గట్టిగా నమ్ముతారు. మాటకూ మాటకూ పొంతన ఉండదు. మరికొన్ని లక్షణాలు ఇంత గట్టిగా బయటపడవు. మాట తగ్గిపోతుంది, ముఖంలో భావం కనిపించదు, స్నానం చేయాలని కూడా అనిపించదు. ఇంట్లోవాళ్లు దాన్ని సోమరితనం అనుకుంటారు. డాక్టర్లు మొదటి రకాన్ని పాజిటివ్ లక్షణాలని, రెండో రకాన్ని నెగటివ్ లక్షణాలని అంటారు. పాజిటివ్ అంటే మంచివని అర్థం కాదు. మామూలు మనిషిలో లేనిది కొత్తగా వచ్చి చేరిందని మాత్రమే అర్థం.

పాత ప్రశ్నే

గంజాయికీ మతి చెదరడానికీ ఏదో సంబంధం ఉందని మన పెద్దవాళ్లకూ తెలుసు. దాన్ని పరీక్షించి చూసినవారిలో ముందుగా చెప్పుకోవలసినవాడు ఫ్రాన్సు దేశపు మానసిక వైద్యుడు జాక్ జోసెఫ్ మోరో. ఆయన ఈజిప్టు వైపు ప్రయాణించినప్పుడు అక్కడివారు హషీష్ వాడటం చూశాడు. హషీష్ అంటే గంజాయి మొక్క జిగురు నుంచి చేసేది, మన దేశంలో చరస్ అంటారు. ఆయన దాన్ని తానే తిని, తనలో కలిగిన మార్పులను రాసుకుని, 1845లో పుస్తకంగా వేశాడు. రోగి లోపల ఏం జరుగుతోందో బయట నిలబడి చూసే డాక్టరుకు పూర్తిగా అర్థం కాదని, కాసేపైనా అలాంటి స్థితిలోకి వెళ్లి రాగలిగితే అర్థమవుతుందని ఆయన వాదన. ఆ పద్ధతి ఈనాడు ఎవరూ అనుసరించరాదు. కానీ ఆయన వేసిన ప్రశ్న సరైనదే.

మన దేశంలో 1893-94లో బ్రిటిష్ ప్రభుత్వం 'ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్' అనే సంఘాన్ని వేసింది. అప్పటి మానసిక చికిత్సాలయాల రికార్డుల్లో ఎంతోమంది పేర్ల ఎదుట 'కారణం: గంజాయి' అని రాసి ఉండేది. కమిషన్‌వారు ఆ కేసులను పరిశీలిస్తే, అలా రాసినవాటిలో చాలావాటికి సరైన ఆధారం లేదని తేలింది. రోగిని తీసుకొచ్చిన పోలీసులు వేరే కారణం తెలియక గంజాయి అని రాసి పంపిన సందర్భాలు ఉన్నాయి. అతిగా వాడితే మతికి హాని కలగవచ్చని మాత్రం కమిషన్ కూడా ఒప్పుకుంది. ఈ పాత సంగతి ఎందుకు చెబుతున్నామంటే, మనమూ ఈనాటికీ అదే చేస్తున్నాం. పిల్లవాడి జేబులో పొట్లం దొరికితే అన్నింటికీ అదే కారణం అంటాం. దొరక్కపోతే గాలి సోకిందనో, చేతబడి అనో అంటాం. రెండింటిలోనూ తొందరపాటే ఉంది.

మెదడులోని తూములు

గంజాయిలో మత్తు కలిగించే ముఖ్య పదార్థం పేరు టీహెచ్‌సీ. దీన్ని 1964లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు రఫాయెల్ మెషులాం, యెహీల్ గవోనీ విడదీసి చూపించారు. అది మెదడులో ఎక్కడ పట్టుకుంటుందో తెలియడానికి మరో 24 ఏళ్లు పట్టింది. మెదడు కణాలపై టీహెచ్‌సీ వచ్చి అతుక్కునే ప్రత్యేకమైన చోట్లు ఉన్నాయని 1988లో అమెరికాలో కనుగొన్నారు. వాటికి సీబీ1 గ్రాహకాలని పేరు. మరి దేవుడు మన మెదడులో గంజాయి కోసం చోటు చేసి పెట్టాడా? ఆ చోటు మన శరీరమే తయారుచేసుకునే వేరొక పదార్థం కోసం ఉన్నది. జెరూసలేంలో పనిచేసే పరిశోధకులు 1992లో దాన్ని కనుగొని, 'ఆనందం' అనే సంస్కృత మాటను తీసుకుని అనాండమైడ్ అని పేరు పెట్టారు. మన దేశపు మాట ఒకటి ప్రపంచ వైద్య పుస్తకాల్లోకి ఇలా ఎక్కింది.

అనాండమైడ్ చేసే పనేమిటో వ్యవసాయం తెలిసినవారికి తేలిగ్గా అర్థమవుతుంది. కాలువ నుంచి పొలానికి నీళ్లు వస్తాయి. మడి నిండగానే రైతు వెళ్లి తూము మూస్తాడు. మెదడులో కూడా ఒక కణం నుంచి మరొక కణానికి కబుర్లు నిరంతరం పారుతుంటాయి. అందుకునే కణానికి ఇక చాలు అనిపించినప్పుడు అది అనాండమైడ్ వంటి పదార్థాన్ని విడుదల చేస్తుంది. ఆ పదార్థం వెనక్కి వెళ్లి, పంపుతున్న కణం మీది సీబీ1ని తాకుతుంది. ప్రవాహం తగ్గుతుంది. ఇదంతా అవసరమైన చోటే, అవసరమైనంతసేపే జరుగుతుంది.

టీహెచ్‌సీ వచ్చినప్పుడు ఈ లెక్క తప్పుతుంది. ఊరికి కొత్తవాడెవడో రాత్రిపూట కాలువ గట్టు మీద నడుస్తూ, ఎవరి మడి నిండిందో ఎవరిది ఎండిందో చూడకుండా చేతికందిన తూములన్నీ మూసుకుంటూ పోయాడనుకోండి. ఒక పొలం బీటలు వారుతుంది. ఆ నీరంతా మరో పొలం మీద పడి గట్టు తెగుతుంది. జ్ఞాపకం, ధ్యాస, భయం వంటివాటిని నడిపే భాగాల్లో ఈ తూములు ఎక్కువగా ఉన్నాయి. అందువల్ల ఏది ముఖ్యమో ఏది కాదో వేరుచేసుకునే శక్తి దెబ్బతింటుందని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. వీధిలో ఎవరో దగ్గితే మీరూ మేమూ పట్టించుకోం. ఆ స్థితిలో ఉన్నవాడికి మాత్రం ఆ దగ్గు తనకోసం చేసిన సైగలా తోస్తుంది.

యేల్ విశ్వవిద్యాలయంలో ఏం చేశారు?

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ దీపక్ సిరిల్ డిసౌజా, ఆయన సహచరులు 2004లో ఒక పరిశోధన ప్రచురించారు. 22 మంది ఆరోగ్యవంతులు అందులో పాల్గొన్నారు. ఒక్కొక్కరూ మూడు వేర్వేరు రోజుల్లో వచ్చారు. ఒక రోజు రెండున్నర మిల్లీగ్రాముల టీహెచ్‌సీ, ఒక రోజు 5 మిల్లీగ్రాములు, ఒక రోజు మందేమీ లేని ఉత్తుత్తి ఇంజెక్షన్ నరంలోకి ఇచ్చారు. ఏ రోజు ఏది ఇస్తున్నారో తీసుకునేవారికి తెలియదు, పక్కనే ఉండి లక్షణాలు రాసుకునేవారికీ తెలియదు. తెలిస్తే మనసు ముందే ఒక నిర్ణయానికి వచ్చేస్తుంది కాబట్టి ఈ జాగ్రత్త. మందు పరిమాణం ఎంతో ఊహించుకోండి. రెండున్నర మిల్లీగ్రాములంటే సుమారుగా ఒక ఆవగింజ బరువు.

ఆ ఆవగింజంత మందుతో కొద్ది నిమిషాల్లోనే మార్పు మొదలైంది. గదిలో ఉన్నవారిపై అనుమానం, ఆలోచనలు తెగిపోవడం, మాట పొంతన తప్పడం వంటివి కనిపించాయి. కాలం నెమ్మదిగా నడుస్తున్నట్టు, చుట్టూ ఉన్నవి వింతగా మారినట్టు అనిపించింది. కొందరిలో ఉత్సాహం వచ్చింది, కొందరిలో గాభరా పెరిగింది. మాట, ముఖకవళికలు మందగించడం కూడా కనిపించింది. అంటే పైన చెప్పుకున్న పాజిటివ్, నెగటివ్ లక్షణాలు రెండూ వచ్చాయి. కొన్ని మాటలు చదివి వినిపించి తిరిగి చెప్పమంటే చెప్పలేకపోయారు. డాక్టర్లు స్కిజోఫ్రీనియా రోగులకు వాడే కొలమానాలతోనే ఇవన్నీ కొలిచారు. మూడు గంటలు దాటేసరికి అందరూ మామూలు స్థితికి వచ్చారు. లండన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైకియాట్రీలో కూడా 2009లో 22 మంది ఆరోగ్యవంతులైన పురుషులకు ఇలాగే టీహెచ్‌సీ ఇచ్చి చూస్తే దాదాపు ఇదే ఫలితం వచ్చింది.

ఈ పరిశోధనలో కుటుంబాలు గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆ 22 మంది ఉదయం ఇంటి నుంచి మామూలుగా బయలుదేరి వచ్చినవారు. వారి మెదడు మెదడులాగే ఉంది, వారి గుణం వారి గుణంలాగే ఉంది. వారి పెంపకంలో లోపం వెతకనవసరం లేదు. వారికి ఏ గాలీ సోకలేదు. అయినా ఒక రసాయనం కొన్ని తూములను మూసేసరికి, పక్కన కూర్చున్న మనిషి తనమీద ఏదో పన్నాగం చేస్తున్నాడన్న అనుమానం పుట్టింది. మీ అబ్బాయి అన్నం పళ్లెం నెట్టేసి "ఇందులో ఏదో కలిపావు" అన్నప్పుడు తల్లి మనసు విరిగిపోతుంది. ఇరవై ఏళ్లు పెంచినదానికి ఇదా ఫలితం అనిపిస్తుంది. ఆ మాట అనిపించింది మీ బిడ్డ గుణం కాదమ్మా. దేవుడిచ్చిన మెదడు కూడా కిడ్నీలాగా, గుండెలాగా ఒక అవయవమే. దానికీ జబ్బు చేస్తుంది.

వీరిని చేర్చుకోరు

ఆరోగ్యవంతులకు ఇలా చేయడం న్యాయమేనా అని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. ఇలాంటి పరిశోధనకు ముందు నైతిక విలువల కమిటీ అనుమతి ఉండాలి. పాల్గొనేవారికి ఏం జరుగుతుందో ముందే చెప్పి సంతకం తీసుకోవాలి. ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు వెళ్లిపోయే హక్కు వారికి ఉండాలి. యేల్‌లో గంజాయి ఎన్నడూ ముట్టని వారిని చేర్చుకోలేదు. కొత్తగా అలవాటు చేసిన పాపం తమకు రాకూడదని వారి ఉద్దేశం. మత్తు దిగేదాకా డాక్టర్లు, నర్సులు దగ్గరే ఉన్నారు. ఆ తర్వాత నెలల్లో కూడా వారి క్షేమం విచారించారు.

అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త మరొకటి ఉంది. మానసిక జబ్బు ఉన్నవారిని మాత్రమే కాదు, రక్తసంబంధీకుల్లో తీవ్రమైన మానసిక జబ్బు ఉన్నవారిని కూడా ఆ పరిశోధనలో ఆరోగ్యవంతుల కింద చేర్చుకోలేదు. ఈ వాక్యం మరోసారి చదవండి. అన్ని వసతులూ ఉన్న ఆసుపత్రిలో, కొలిచిన మందు ఆవగింజంత ఇచ్చి, పక్కన డాక్టరు కూర్చుని ఉండే చోట కూడా మీ పెద్దబ్బాయికి స్కిజోఫ్రీనియా ఉందని తెలిస్తే మీ చిన్నబ్బాయిని చేర్చుకోరు. అంత ప్రమాదం తీసుకోవడానికి ఆ పరిశోధకులు సిద్ధపడలేదు. అలాంటిది మీ చిన్నబ్బాయి కాలేజీ హాస్టల్లోనో, ఊరి చివర తోటలోనో, ఎంత ఘాటు ఉందో తెలియని పొట్లం కొని, పొగాకు తీసేసిన సిగరెట్టులో నింపి తాగితే ఎవరు చూస్తారు?

తమ్ముడికి కూడా వస్తుందా అన్న తల్లి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ఒకే ఇంట్లో పుట్టినంత మాత్రాన రావాలని లేదు. స్కిజోఫ్రీనియా ఉన్నవారి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లలో ఎక్కువమందికి ఆ జబ్బు రాదు. కానీ అందరికన్నా వారికి ప్రమాదం కాస్త ఎక్కువ. పుట్టుకతో వచ్చిన ప్రమాదాన్ని మనం తగ్గించలేం. గంజాయి వల్ల దానికి తోడయ్యే ప్రమాదాన్ని మాత్రం ఆపగలం. ఆ పిల్లవాడిని కూర్చోబెట్టి భయపెట్టకుండా, తిట్టకుండా ఈ విషయం చెప్పండి. మీకు చెప్పడం కష్టమైతే వాడిని ఒకసారి మా దగ్గరికి తీసుకురండి, మేం చెబుతాం.

"మందు వేసుకుంటున్నాడు కదా, అప్పుడప్పుడు తాగితే ఏం?"

ఇది కూడా తరచుగా వినే మాటే. అదే యేల్ బృందం 2005లో మరో పరిశోధన ప్రచురించింది. స్కిజోఫ్రీనియా ఉండి, మందులతో నిలకడగా ఉన్న 13 మందికి టీహెచ్‌సీ ఇచ్చి ఆరోగ్యవంతులతో పోల్చారు. గంజాయి తాగితే ఆందోళన తగ్గుతుందని చాలామంది రోగులు చెబుతుంటారు కాబట్టి, నిజంగా ఏమైనా మేలు ఉందేమో చూడాలన్నది ఒక ఉద్దేశం. కొలతల్లో చెప్పుకోదగ్గ మేలేమీ కనిపించలేదు. అణిగి ఉన్న లక్షణాలు కాసేపు తిరిగి లేచాయి. ఆరోగ్యవంతులకన్నా వీరి మీద ప్రభావం ఎక్కువగా పడింది, ముఖ్యంగా జ్ఞాపకశక్తి మీద. వీరంతా రోజూ మందులు వేసుకుంటున్నవారే అన్నది మరచిపోకండి. మందు గొడుగులాంటిది. వానకు అడ్డుపడుతుంది గాని, తలమీద బిందెడు నీళ్లు కుమ్మరిస్తే ఏ గొడుగూ ఆపలేదు.

పండుగలకు తాగే భంగు ఆకుతో చేసింది కాబట్టి ఫరవాలేదని కొందరంటారు. భంగులోనూ ఉన్నది టీహెచ్‌సీయే. పైగా కడుపులోకి వెళ్లినది ఆలస్యంగా ఎక్కుతుంది, ఎక్కువసేపు ఉంటుంది. 1985 నాటి మత్తు పదార్థాల చట్టం గంజాయిని, చరస్‌ను నిషేధించి ఆకును ఆ నిర్వచనంలో చేర్చలేదు. చట్టంలో ఉన్న ఆ తేడా మీ అబ్బాయి మెదడుకు తెలియదు.

అనుమానంతో వాదించి గెలవలేం

ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన డేనియల్ ఫ్రీమన్, ఆయన సహచరులు చేసిన పరిశోధన ఇంట్లో రోగితో మెలిగేవారికి చాలా ఉపయోగపడుతుందని మా అభిప్రాయం. ఇది 2015లో వెలువడింది. 121 మంది పాల్గొన్నారు. వారికి మానసిక జబ్బు లేదు, కానీ అంతకుముందు నెలలో ఏదో ఒక చిన్న అనుమానపు ఆలోచన వచ్చినట్టు చెప్పినవారిని ఎంచుకున్నారు. ఇలాంటి చిన్న అనుమానాలు మనలో చాలామందికి వస్తాయి, పోతాయి. కొందరికి ఒకటిన్నర మిల్లీగ్రాముల టీహెచ్‌సీ ఇచ్చారు, కొందరికి ఉత్తుత్తి ఇంజెక్షన్ ఇచ్చారు. టీహెచ్‌సీ అందుకున్నవారిలో దాదాపు సగం మందికి, ఉత్తుత్తి ఇంజెక్షన్ అందుకున్నవారిలో నూటికి 30 మందికి ఎదుటివారు తమకు కీడు తలపెడుతున్నారన్న ఆలోచనలు వచ్చాయి.

ఆ అనుమానం ఏ దారిన పుట్టిందో కూడా వారు వెతికారు. జ్ఞాపకశక్తి తగ్గడం దానికి కారణంగా కనబడలేదు. మనసు దిగులుపడటం, తనమీద తనకు చులకన భావం కలగడం, చుట్టూ ఉన్న శబ్దాలు, రంగులు వింతగా మారడం, ఇవి కలిసి అనుమానాన్ని పుట్టించాయి. లోపల భయంగా ఉంది, బయట లోకం మారినట్టుంది, అప్పుడు మనసు ఎవరో ఏదో చేస్తున్నారని తనకు తానే కారణం చెప్పుకుంటుంది. మరో సంగతి కూడా ఉంది. పాల్గొన్నవారిలో కొందరికి మందు వల్ల ఏమేం అనిపిస్తుందో ముందుగానే వివరంగా చెప్పి జాగ్రత్తపరిచారు. దానివల్ల అనుమానం పెద్దగా తగ్గలేదు. తెలిసిన మనిషికే, కొద్దిసేపటి మత్తులోనే, తెలివి చెప్పిన మాట పనిచేయలేదన్నమాట.

అందుకే "అదంతా నీ భ్రమరా" అని గంటసేపు వాదించినా మీ అబ్బాయి ఒప్పుకోడు. మీరు అలసిపోతారు, అతని దృష్టిలో మీరు కూడా ఎదుటి పక్షంలో చేరిపోతారు. వాదించకండి, అలాగని అవునని ఒప్పుకోనూ వద్దు. "నీకు భయంగా ఉన్నట్టుంది నాన్నా, నేనిక్కడే ఉన్నాను" అనండి. టీవీ ఆపండి. పదిమంది చుట్టూ చేరి సలహాలు చెప్పకుండా చూడండి. వెలుతురు, శబ్దం తగ్గించండి. అందరి ముందూ "పనికిరానివాడు" అనే మాట ఎంత కోపంలోనైనా రానివ్వకండి. చులకన భావం అనుమానానికి ఎరువు. సంఘపు పెద్దలు, పాస్టరుగారు ఇంటికి వచ్చి ప్రార్థన చేస్తామంటే సంతోషంగా రానివ్వండి, కానీ నెమ్మదిగా, కొద్దిమందితో, కొద్దిసేపు. ఉపవాస ప్రార్థన పేరుతో రోగికి అన్నం, నిద్ర, మాత్ర తప్పించడం మాత్రం తగదు.

అయితే గంజాయే కారణమా?

ఈ పరిశోధనలతో తేలినదేమిటో, తేలనిదేమిటో స్పష్టంగా చెప్పడం మా ధర్మం. ఆరోగ్యవంతుల్లో మూడు గంటల్లో పోయిన లక్షణాలు స్కిజోఫ్రీనియాతో సమానం కావు. దాన్ని పోలిన స్థితి మాత్రమే. గంజాయి ఒక్కటే అలాంటి స్థితిని తెస్తుందనుకోవడం కూడా పొరపాటు. 1994లో యేల్‌లోనే జాన్ క్రిస్టల్ బృందం ఆపరేషన్లలో మత్తుకు వాడే కెటమిన్‌ను కొద్ది మోతాదులో ఆరోగ్యవంతులకు ఇచ్చింది. అప్పుడు కూడా స్కిజోఫ్రీనియాను పోలిన లక్షణాలు కాసేపు కనిపించాయి. కెటమిన్ పనిచేసే తూము వేరు. ఆ ఇంట్లోకి తలుపులు ఒకటికన్నా ఎక్కువ ఉన్నాయి. అందుకే జీవితంలో గంజాయి వాసన చూడనివారికి కూడా ఈ జబ్బు వస్తుంది. "మావాడు ఏదీ ముట్టలేదు" అని చెప్పే తల్లిని అనుమానంగా చూడవలసిన పనిలేదు.

చికిత్స విషయంలోనూ అంతా తేలిపోలేదు. హలోపెరిడాల్ మాత్ర ముందుగా ఇస్తే టీహెచ్‌సీ లక్షణాలు ఆగుతాయేమో అని యేల్‌లో చూశారు. 2008లో వెల్లడైన ఆ ఫలితాల్లో ఆగలేదు. 2010లో నెదర్లాండ్స్‌లో చేస్తే కొంత తగ్గాయి. కాబట్టి గంజాయి తాగి వచ్చిన పిల్లవాడికి ఇంట్లో మిగిలిన మాత్రలు మీ అంతట మీరు వేయకండి, ఆసుపత్రికి తీసుకురండి.

దీర్ఘకాలంలో ఏమవుతుందో తెలుసుకోవడానికి ఇంజెక్షన్ పరిశోధనలు చాలవు, ఏళ్ల తరబడి మనుషులను గమనించాలి. స్వీడన్ దేశంలో సైన్యంలో చేరడానికి వచ్చిన 45,570 మంది యువకులను 15 ఏళ్లపాటు గమనించి 1987లో ఫలితం ప్రకటించారు. 18 ఏళ్ల వయసుకే యాభైసార్లకు మించి గంజాయి వాడినవారిలో, వాడనివారికన్నా స్కిజోఫ్రీనియా ఆరు రెట్లు ఎక్కువగా కనిపించింది. 2019లో యూరప్, బ్రెజిల్ కేంద్రాల నుంచి వచ్చిన మరో పెద్ద అధ్యయనంలో, రోజూ వాడేవారిలో సైకోసిస్ ప్రమాదం మూడు రెట్లు, రోజూ ఘాటైన రకం వాడేవారిలో దాదాపు ఐదు రెట్లు ఎక్కువగా ఉంది. అలాగని గంజాయి తాగిన ప్రతివాడికీ జబ్బు రాదు. మన దేశంలోనే 10 నుంచి 75 ఏళ్ల వారిలో నూటికి దాదాపు ముగ్గురు ఏడాదిలో ఒకసారైనా భంగు, గంజాయి, చరస్‌లలో ఏదో ఒకటి వాడారని 2019లో వెలువడిన జాతీయ సర్వే చెప్పింది. వారిలో ఎక్కువమందికి సైకోసిస్ రాలేదు. ఎవరికి వస్తుందో ముందుగా చెప్పే రక్తపరీక్ష ఏదీ లేదు. చిన్న వయసులో మొదలుపెట్టడం, రోజూ వాడటం, ఘాటైన రకం, కుటుంబంలో జబ్బు, ఈ నాలుగూ ఎంత కలిస్తే ప్రమాదం అంత పెరుగుతుంది.

సీబీడీ నూనె గురించి ఒక మాట

గంజాయి మొక్కలోనే సీబీడీ అనే మరో పదార్థం ఉంది. దానికి మత్తు లేదు. 2013లో లండన్‌లో 48 మంది ఆరోగ్యవంతులపై చేసిన పరిశోధనలో, ముందుగా 600 మిల్లీగ్రాముల సీబీడీ తీసుకున్నవారిలో టీహెచ్‌సీ వల్ల వచ్చే అనుమానాలు తక్కువగా ఉన్నాయి. దాంతో చాలామందికి ఆశ పుట్టింది. తర్వాత అదే నగరంలో 46 మందికి రెండింటినీ కలిపి ఆవిరిగా పీల్పించి చూస్తే ఆ రక్షణ కనబడలేదు. స్కిజోఫ్రీనియా రోగుల్లో సీబీడీని మందుగా పరీక్షించినప్పుడు కూడా కొన్నిచోట్ల మేలు కనిపించింది, కొన్నిచోట్ల కనిపించలేదు. ఇంటర్నెట్‌లో అమ్మే సీసా చూసి ఉన్న మాత్రలు మానేయడం ప్రమాదం. ఆ సీసాలో నిజంగా ఏముందో, ఎంత ఉందో మీకూ తెలియదు, మాకూ తెలియదు.

డాక్టరుకు ఏం చెప్పాలి?

ఆసుపత్రికి వచ్చినప్పుడు గంజాయి సంగతి దాచకండి. పరువు పోతుందని, పోలీసులకు తెలుస్తుందని భయపడి చాలామంది దాస్తారు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం రోగి వివరాలను గోప్యంగా ఉంచడం మా బాధ్యత. ఎన్నేళ్ల వయసులో మొదలైంది, వారానికి ఎన్నిసార్లు, చివరిసారి ఎప్పుడు, దానితోపాటు మద్యం గాని వేరే మాత్రలు గాని ఉన్నాయా అన్నది తెలిసినంతవరకు ఒక కాగితం మీద రాసుకుని రండి. లక్షణాలు గంజాయికి ముందే మొదలయ్యాయా, తర్వాతా అన్నది గుర్తు తెచ్చుకోండి. చదువులో వెనకబడటం, స్నేహితులకు దూరం కావడం, గదిలోనే ఉండిపోవడం వంటివి ఎప్పుడు మొదలయ్యాయో కూడా రాయండి. వంశంలో ఇటు తండ్రి వైపు, అటు తల్లి వైపు ఎవరికైనా ఇలాంటి జబ్బు ఉంటే చెప్పండి. గంజాయి మానేసిన కొద్ది వారాల్లో లక్షణాలు పూర్తిగా పోతే ఒక దారిలో వెళతాం, పోకపోతే చికిత్స వేరుగా ఉంటుంది. ఆ తేడా తెలిసేది మీరు చెప్పే తేదీల నుంచే.

అర్ధరాత్రి పిల్లవాడు కంగారుపడి, ఎవరిని అడగాలో తెలియకపోతే ప్రభుత్వ టెలి మానస్ ఉచిత ఫోను నంబరు 14416కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు. తనకు గాని ఇతరులకు గాని హాని చేసుకునేలా ఉంటే, రెండు రోజులుగా నిద్ర, తిండి లేకపోతే తెల్లవారేదాకా ఆగకుండా అత్యవసర విభాగానికి తీసుకురండి. వచ్చేటప్పుడు వాడుతున్న మాత్రల అట్టలు, పాత చీటీ వెంట తెచ్చుకోండి.